డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేస్తే యూనిఫాం వస్తుందా? చేరే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నారు. చిన్నప్పటి నుంచి ఆర్మీ అంటే ఇష్టం. ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే ‘డిఫెన్స్ అండ్ సెక్యూరిటీ మేనేజ్‌మెంట్‌లో పీజీ’ అంటూ ఒక ప్రకటన కనిపించింది. యూనిఫాంలో ఉన్న యువకుడి ఫొటో, వెనక జాతీయ జెండా, కింద ఫీజు వాయిదాల వివరం. ఇంట్లో చెబితే, ‘పీజీ అయ్యాక నేరుగా ఆఫీసర్‌ని చేస్తారేమో, చేరిపో’ అన్నారు.

ఫీజు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ చదువు మంచిదే. సరైన చోట, సరైన లక్ష్యంతో చదివితే ఉపయోగం ఉంది. కానీ ప్రకటనలోని ఫొటో చూసి మీరు అనుకుంటున్న దారి, ఈ డిగ్రీ చూపించే దారి చాలావరకు వేర్వేరు. ఆ తేడా తెలియక రెండేళ్లు గడిపేస్తే, అసలు కావాల్సిన పరీక్షకు వయసు దాటిపోయే ప్రమాదం ఉంది.

క్లుప్తంగా చెప్పాలంటే

సెక్యూరిటీ, డిఫెన్స్ సబ్జెక్టుల్లో పీజీ అనేది విశ్లేషణ, బోధన, చట్టం, కొనుగోళ్లు, కార్పొరేట్ భద్రత లాంటి ఆఫీసు పనులకు పనికొచ్చే చదువు. సైన్యంలో ఆఫీసర్ కావడానికి అది అవసరం లేదు. చాలా ఎంట్రీలకు మామూలు డిగ్రీ చాలు. ఆ ఎంట్రీలన్నింటికీ వయోపరిమితి ఉంటుంది. కాబట్టి ముందు ‘నాకు ఏ ఉద్యోగం కావాలి?’ అన్నది తేల్చుకోవాలి. ‘ఏ కోర్సులో చేరాలి?’ అన్నది తర్వాతి ప్రశ్న.

ఈ కోర్సుల్లో ఏం చెబుతారు?

డిఫెన్స్ అనగానే పరేడ్, ఫైరింగ్ గుర్తొస్తాయి. ఈ కోర్సుల్లో అవేవీ ఉండవు. ఇది పూర్తిగా తరగతి గది చదువు. సిలబస్ ఒక్కో వర్సిటీలో ఒక్కోలా ఉన్నా, ప్రధానాంశాలు దాదాపు ఇవే.

మొదటిది వ్యూహం, చరిత్ర. కౌటిల్యుడి అర్థశాస్త్రం నుంచి క్లాజ్‌విట్జ్ వరకు యుద్ధం గురించిన ఆలోచనలు, 1962, 1965, 1971 యుద్ధాలు, 1999 కార్గిల్ యుద్ధం, ఆ తర్వాత కె.సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని కార్గిల్ సమీక్షా కమిటీ, దాని తర్వాత వచ్చిన సంస్కరణలు.

రెండోది డబ్బు, కొనుగోళ్లు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించింది సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు. ఇందులో జీతాలకెంత, పింఛన్లకెంత, కొత్త ఆయుధాలకెంత, ఏది దేశీయంగా కొనాలి, ఏది దిగుమతి చేసుకోవాలి అన్నది ఒక పెద్ద సబ్జెక్టు. డిఫెన్స్ అక్విజిషన్ ప్రొసీజర్ 2020 లాంటి నిబంధనలను ఇక్కడే చదువుతారు.

మూడోది చట్టం. ఆర్మీ చట్టం 1950, నేవీ చట్టం 1957, అధికార రహస్యాల చట్టం 1923, సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం 1958, సాయుధ దళాల ట్రైబ్యునల్ చట్టం 2007, 1949 నాటి జెనీవా ఒప్పందాలు.

నాలుగోది అంతర్గత భద్రత. సరిహద్దుల నిర్వహణ, ఉగ్రవాదం, సైబర్ దాడులు, విపత్తుల నిర్వహణ, విమానాశ్రయాలు, విద్యుత్ కేంద్రాల లాంటి కీలక కట్టడాల రక్షణ.

వార్తల్లో ఇవన్నీ ఆసక్తిగా చదివేవారికి ఈ సిలబస్ నచ్చుతుంది. మైదానంలో పరుగెత్తాలని, నాయకత్వం వహించాలని కోరుకునేవారికి నిరాశే మిగలొచ్చు.

పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా కోర్సులు వేరు

డిఫెన్స్, సెక్యూరిటీ, స్ట్రాటజిక్ అన్న మాటలు అన్ని కోర్సుల పేర్లలోనూ కనిపిస్తాయి. అందుకే చాలామంది తికమక పడతారు. వీటిని ఐదు రకాలుగా విడదీసి చూడండి.

1. డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్: ఎంఏ లేదా ఎంఎస్సీ. మద్రాస్ విశ్వవిద్యాలయం, పుణెలోని సావిత్రిబాయి ఫూలే విశ్వవిద్యాలయం, అలహాబాద్ విశ్వవిద్యాలయాల్లో ఈ సబ్జెక్టుకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. ఇది ప్రధానంగా పరిశోధన, బోధన వైపు తీసుకెళ్లే చదువు.

2. పోలీసు, అంతర్గత భద్రత, కార్పొరేట్ భద్రత: గాంధీనగర్ దగ్గరున్న రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం ఇందులో పెద్ద పేరు. గుజరాత్ ప్రభుత్వం నడిపిన రక్షా శక్తి విశ్వవిద్యాలయాన్ని పార్లమెంటు 2020లో చట్టం చేసి జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా మార్చింది. ఇది కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది. ప్రైవేటు, పారిశ్రామిక, కార్పొరేట్ భద్రత కోసం ఇక్కడ ఒక ప్రత్యేక స్కూల్ ఉంది. కర్ణాటకలోని శివమొగ్గలోనూ ఒక క్యాంపస్ ఉంది. రాజస్థాన్‌లో జోధ్‌పూర్‌లోని సర్దార్ పటేల్ పోలీస్ విశ్వవిద్యాలయం కూడా ఈ కోవలోదే.

3. చట్టం వైపు: హైదరాబాద్ శివార్లలోని శామీర్‌పేటలో ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో రెండేళ్ల ఎంఏ సెక్యూరిటీ అండ్ డిఫెన్స్ లాస్ కోర్సు నడుపుతోంది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునే తెలుగువారికి దగ్గర్లో ఉన్న అవకాశం ఇది. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఇది ఎంఏ, ఎల్ఎల్‌బీ కాదు. దీంతో న్యాయవాదిగా నమోదు కాలేరు. ఆర్మీలో న్యాయ విభాగమైన జడ్జ్ అడ్వకేట్ జనరల్ శాఖకూ ఇది సరిపోదు. అక్కడ ఎల్ఎల్‌బీ తప్పనిసరి.

4. టెక్నాలజీ వైపు: పుణెలోని డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ రక్షణ శాఖకు చెందిన డీమ్డ్ విశ్వవిద్యాలయం. డీఆర్‌డీవో, ఏఐసీటీఈ కలిసి 2021 జులైలో ఎంటెక్ డిఫెన్స్ టెక్నాలజీ అనే కోర్సును కూడా ప్రారంభించాయి. ఇందులో కంబాట్, ఏరో, నేవల్, కమ్యూనికేషన్ సిస్టమ్స్ అండ్ సెన్సర్స్, డైరెక్టెడ్ ఎనర్జీ, హై ఎనర్జీ మెటీరియల్స్ అని ఆరు విభాగాలు. బీటెక్ చేసినవారు చూడాల్సింది వీటినే.

5. సర్వీసులో ఉన్న అధికారులకు మాత్రమే: వీటిలో బయటివాళ్లు దరఖాస్తు చేసి చేరే వీలుండదు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనిపించేవి మాత్రం తరచుగా ఇవే.

సికింద్రాబాద్‌లో ఉన్న కాలేజీలో చేరొచ్చా?

హైదరాబాద్ పాఠకుల నుంచి సహజంగా వచ్చే ప్రశ్న ఇది. ‘డిఫెన్స్ మేనేజ్‌మెంట్’ అని గూగుల్‌లో కొడితే సైనిక్‌పురిలోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ పేరు వస్తుంది. 1970లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌గా మొదలై, 1980లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ ఇది. త్రివిధ దళాలకు చెందిన సీనియర్ అధికారులు, సుమారుగా కల్నల్ స్థాయివారు, ఇక్కడ 44 వారాల హయ్యర్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కోర్సు చదువుతారు. మిత్రదేశాల అధికారులు కూడా వస్తారు. కోర్సు పూర్తిచేసినవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయం మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ డిగ్రీ ఇస్తుంది.

నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీలోనూ ఇదే పద్ధతి. అక్కడ చదివిన అధికారులకు మద్రాస్ విశ్వవిద్యాలయం ఎంఎస్సీ ఇస్తుంది. ఢిల్లీలో 1960లో ఏర్పాటైన నేషనల్ డిఫెన్స్ కాలేజీ ఇంకా పై స్థాయి అధికారులకు.

అంటే ఇక్కడ వరుస తిరగబడి ఉంటుంది. డిఫెన్స్ మేనేజ్‌మెంట్ చదివి వీళ్లు అధికారులు కాలేదు. ముందు అధికారులయ్యారు, ఏళ్ల తరబడి పనిచేశారు, పెద్ద బాధ్యతలు ఇచ్చే ముందు ప్రభుత్వమే వాళ్లను పంపి చదివించింది. ఏదైనా ప్రైవేటు సంస్థ ‘సైనికాధికారులు చదివే కోర్సే మేమూ ఇస్తున్నాం’ అంటే, సిలబస్‌లో కొన్ని పాఠాలు కలవొచ్చు గానీ ఫలితం ఒకటి కాదు.

మరి పీజీతో ఆర్మీ ఆఫీసర్ కాలేమా?

కావచ్చు, కానీ పీజీ వల్ల కాదు. యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్షకు డిగ్రీ అర్హత. నేవీకి ఇంజినీరింగ్ డిగ్రీ, ఎయిర్‌ఫోర్స్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ లాంటి అదనపు షరతులు ఉంటాయి. పీజీ ఉంటే అదనపు మార్కులేమీ రావు. రాత పరీక్ష, ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష అందరికీ ఒకటే.

అసలు చిక్కు వయసుతో వస్తుంది. సుమారుగా లెక్క ఇది.

• ఇండియన్ మిలిటరీ అకాడమీ, నేవల్ అకాడమీ: 19 నుంచి 24 ఏళ్లు
• ఎయిర్‌ఫోర్స్ అకాడమీ: 20 నుంచి 24 ఏళ్లు
• చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ: 19 నుంచి 25 ఏళ్లు
• కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో అసిస్టెంట్ కమాండెంట్: 20 నుంచి 25 ఏళ్లు

అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షలో ఓబీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. సీడీఎస్‌లో కులం ఆధారంగా వయో సడలింపు లేదు. ఏ తేదీల మధ్య పుట్టినవారు అర్హులో ప్రతి నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఇస్తారు. మీ పుట్టిన తేదీని దాంతో సరిచూసుకోండి.

ఇప్పుడు లెక్క వేయండి. 21 లేదా 22 ఏళ్లకు డిగ్రీ పూర్తవుతుంది. ‘పీజీ అయ్యాక ఆర్మీకి ప్రయత్నిస్తా’ అనుకుని రెండేళ్ల కోర్సులో చేరితే బయటికొచ్చేసరికి 23 లేదా 24. సీడీఎస్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ రెండేళ్లలో రాయగలిగే నాలుగు అవకాశాలు పోయినట్టే. ఒకటి రెండు సబ్జెక్టులు మిగిలిపోయి కోర్సు ఆలస్యమైతే తలుపు పూర్తిగా మూసుకుపోవచ్చు.

అందుకే యూనిఫాం మీ లక్ష్యమైతే డిగ్రీ చివరి ఏడాది నుంచే సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ రాయడం మొదలుపెట్టండి. చివరి సంవత్సరం విద్యార్థులూ దరఖాస్తు చేయొచ్చు. పీజీలో చేరినా ఈ పరీక్షలు మానకండి. పీజీని రెండో దారిగా పెట్టుకోవచ్చు, మొదటి దారిని మాత్రం దానికోసం వాయిదా వేయొద్దు.

ఒక మినహాయింపు ఉంది. ఎయిర్‌ఫోర్స్‌లో ఎడ్యుకేషన్ బ్రాంచి ఆఫీసర్ పోస్టులకు పీజీ కావాలి. ఏఎఫ్‌క్యాట్ నోటిఫికేషన్లలో అందుకు అనుమతించిన పీజీ సబ్జెక్టుల జాబితాలో అంతర్జాతీయ సంబంధాలు, డిఫెన్స్ స్టడీస్ కూడా కనిపిస్తాయి. గ్రౌండ్ డ్యూటీ శాఖలకు వయసు 20 నుంచి 26 ఏళ్లు. ఖాళీలు పరిమితంగా ఉంటాయి. జాబితాలో రాసిన సబ్జెక్టు పేరు, మీ డిగ్రీ పత్రంపై ఉన్న పేరు సరిపోలాలి. కోర్సు పేరు ఆకర్షణీయంగా ఉంటే చాలదనడానికి ఇదొక కారణం.

ఈ పీజీకి నిజంగా విలువ ఉన్న చోట్లేవి?

బోధన, పరిశోధన: యూజీసీ నెట్‌లో డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ ఒక ప్రత్యేక సబ్జెక్టు. పీజీలో 55 శాతం, రిజర్వుడ్ వర్గాలకు 50 శాతం మార్కులుంటే రాయొచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. ఇబ్బంది ఏమిటంటే, ఈ సబ్జెక్టు చెప్పే కాలేజీలు ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, మహారాష్ట్ర, తమిళనాడుల్లో ఉన్నాయి. లెక్చరర్ కావాలంటే ఊరు దాటాల్సి రావొచ్చు.

థింక్ ట్యాంకులు: ఢిల్లీలో 1965లో ఏర్పాటైన మనోహర్ పారికర్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ స్టడీస్ అండ్ అనాలిసిస్, 1870 నుంచి ఉన్న యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ లాంటివి. ఇక్కడ మార్కుల కన్నా మీరు రాసిన వ్యాసాలు, ఇంగ్లిష్‌లో రాసే పట్టు, చైనీస్ లేదా మరో విదేశీ భాష తెలిసి ఉండటం ఎక్కువ పనికొస్తాయి. అవకాశాలు తక్కువ, పోటీ ఎక్కువ.

రక్షణ పరిశ్రమ: హైదరాబాద్‌లో భారత్ డైనమిక్స్, మిధాని, డీఆర్‌డీవో ప్రయోగశాలలు, వాటికి విడిభాగాలు చేసిపెట్టే ప్రైవేటు కంపెనీలు చాలా ఉన్నాయి. విశాఖలో తూర్పు నౌకాదళం, హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ ఉన్నాయి. అయితే డీఆర్‌డీవో సైంటిస్ట్ పోస్టులకు ఇంజినీరింగ్ లేదా సైన్స్ చదువు కావాలి. ప్రభుత్వరంగ సంస్థల మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులకు సాధారణంగా ఇంజినీరింగ్, ఫైనాన్స్, హెచ్ఆర్ లాంటి అర్హతలు అడుగుతారు. మరి డిఫెన్స్ పీజీ ఎక్కడ ఉపయోగం? ప్రైవేటు కంపెనీల్లో టెండర్లు, కాంట్రాక్టులు, ఎగుమతి అనుమతులు చూసే విభాగాల్లో. డ్యూయల్ యూజ్ వస్తువులు, ఆయుధ సామగ్రి ఎగుమతికి స్కోమెట్ జాబితా నిబంధనలు వర్తిస్తాయి. రక్షణ కొనుగోళ్ల నిబంధనలు చదివి అర్థం చేసుకోగలిగే మనిషి ఈ కంపెనీలకు అవసరం. బీటెక్, బీకాం లేదా ఎల్ఎల్‌బీకి ఈ పీజీ తోడైతే అభ్యర్థి బలం పెరుగుతుంది.

సైబర్ భద్రత: ఇది వేరే దారి. సైబర్ ఉద్యోగం కావాలంటే సైబర్ సెక్యూరిటీ ఎంటెక్ లేదా ఎంఎస్సీ చూసుకోండి. డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కోర్సులో ఒక పేపరుగా ఉండే సైబర్ పాఠం ఆ ఉద్యోగానికి సరిపోదు.

సెక్యూరిటీ మేనేజర్ ఉద్యోగం సంగతేంటి?

ఐటీ క్యాంపస్‌లు, ఆస్పత్రులు, మాల్స్, డేటా సెంటర్లు, ఫార్మా ప్లాంట్లు. వీటన్నింటికీ భద్రత చూసే మేనేజర్లు కావాలి. అక్కడికి వెళ్లాలంటే ముందు ఒక వాస్తవం తెలియాలి. ఈ రంగంలో పై కుర్చీల్లో ఎక్కువగా కనిపించేది రిటైరైన సైనిక, పోలీసు అధికారులే.

చట్టం కూడా అటువైపే మొగ్గుతుంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005 ప్రకారం, సూపర్‌వైజర్లుగా త్రివిధ దళాలు, కేంద్ర, రాష్ట్ర పోలీసు దళాలు, హోంగార్డుల్లో కనీసం మూడేళ్లు పనిచేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఏజెన్సీ పెట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి, పీజీ అక్కర్లేదు.

అయితే సర్వీసు అనుభవం లేని యువకులకు చోటు లేదని కాదు. కెమెరాల కంట్రోల్ రూమ్, యాక్సెస్ కార్డుల వ్యవస్థ, రాత్రి షిఫ్టులో మహిళా ఉద్యోగుల రవాణా భద్రత, ప్రమాదాల అంచనా, అత్యవసర సమయంలో ఆఫీసు నడిపే ప్రణాళిక లాంటి పనుల్లో ఎగ్జిక్యూటివ్‌గా మొదలుపెట్టొచ్చు. పీజీ ఇక్కడ ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది. పైకి ఎదగడానికి అనుభవం, ఏఎస్ఐఎస్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల సర్టిఫికేషన్లు తోడవ్వాలి. మొదటి ఉద్యోగంలో షిఫ్టులు, పండగ రోజుల్లో డ్యూటీలు మామూలే. కోర్సులో చేరే ముందే ఇలాంటి పనిచేస్తున్న ఒకరిద్దరితో మాట్లాడండి.

మాజీ సైనికులకు ఇది ఉపయోగమేనా?

అందరికన్నా ఎక్కువ ఉపయోగం వీళ్లకే అనొచ్చు. అనుభవం ముందే ఉంది. దానికి డిగ్రీ తోడైతే సూపర్‌వైజర్ స్థాయి నుంచి మేనేజర్ స్థాయికి వెళ్లడం తేలికవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. పదో తరగతితో చేరి 15 ఏళ్లు సర్వీసు చేసినవారిని, మాజీ సైనికులకు రిజర్వు చేసిన కొన్ని గ్రూప్ ‘సి’ పోస్టులకు డిగ్రీతో సమానంగా పరిగణిస్తారు. దానికి సంబంధించి ఇచ్చే పత్రం ఆ ఉద్యోగాల కోసమే. అది విశ్వవిద్యాలయ డిగ్రీ కాదు. దాన్ని చూపించి పీజీలో చేరొచ్చని ఎవరైనా చెబితే, డబ్బు కట్టే ముందు ఆ వర్సిటీ అడ్మిషన్ల విభాగం నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి. లేకపోతే పరీక్షల సమయంలోనో, పట్టా ఇచ్చే సమయంలోనో చిక్కు వస్తుంది. సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసుకోవడం మేలు.

రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్నవారు డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ అందించే కోర్సులను ముందు చూడండి. సొంత డబ్బుతో చేరడం ఆ తర్వాతే.

విదేశాల్లో చదివితే?

లండన్ కింగ్స్ కాలేజీలోని వార్ స్టడీస్ విభాగం లాంటివి ఈ సబ్జెక్టులో ప్రపంచ ప్రసిద్ధి చెందినవి. చదువు నాణ్యతకు ఢోకా లేదు. ఉద్యోగం దగ్గరే అడ్డంకి వస్తుంది.

అమెరికాలో రక్షణ, నిఘా శాఖల్లోని చాలా ఉద్యోగాలకు సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. సాధారణంగా అది అమెరికా పౌరులకే ఇస్తారు. రక్షణ కంపెనీల్లో ఆయుధ సాంకేతికతతో ముడిపడిన పనులకు ఐటార్ నిబంధనల ప్రకారం పౌరులు, గ్రీన్‌కార్డుదారులు లాంటివారినే తీసుకుంటారు. ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థికి ఆ తలుపులు దాదాపు మూసే ఉంటాయి. బ్రిటన్‌లోనూ ఎస్‌సీ స్థాయి క్లియరెన్స్‌కు మామూలుగా ఐదేళ్లు ఆ దేశంలో నివసించి ఉండాలని చూస్తారు.

పొలం తాకట్టు పెట్టో, ఇల్లు హామీగా చూపించో లోను తీసుకుని వెళ్లే కుటుంబాలు ఈ ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి. కన్సల్టెన్సీ వాళ్లను ‘సీటు వస్తుందా?’ అని కాదు, ‘నా వీసాతో ఈ రంగంలో ఏ ఉద్యోగాలకు దరఖాస్తు చేయొచ్చు?’ అని అడగండి.

డిగ్రీ అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది?

యూజీసీ చట్టం 1956 ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. ఇవి సరిచూసుకోండి.

• సంస్థ పేరు యూజీసీ వెబ్‌సైట్‌లోని విశ్వవిద్యాలయాల జాబితాలో ఉందా? అక్కడే ఉన్న నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా చూడండి.

• దూరవిద్య లేదా ఆన్‌లైన్ కోర్సయితే, విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంటే చాలదు. మీరు చేరే సంవత్సరానికి, ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉండాలి. అలా అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే.

• పీజీడీఎం అయితే ఏఐసీటీఈ అనుమతి ఉందా?

• పట్టాపై ఏ పేరు ఉంటుంది? ‘మాస్టర్ సర్టిఫికెట్’, ‘పీజీ ప్రోగ్రామ్’, ‘ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్’ అన్నవి డిగ్రీలు కావు. నైపుణ్యం కోసం చదవొచ్చు, డిగ్రీ అడిగే ఉద్యోగాలకు చెల్లవు.

• పట్టా ఇచ్చేది ప్రకటన ఇచ్చిన సంస్థేనా, వేరే వర్సిటీనా? వేరే వర్సిటీ అయితే ఆ వర్సిటీ వెబ్‌సైట్‌లో ఈ సంస్థ పేరు ఉందో లేదో చూడండి.

ఫీజుకు సాయం దొరుకుతుందా?

మాజీ సైనికుల పిల్లలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ చాలామందికి తెలుసు. అది ప్రధానంగా వృత్తివిద్యా డిగ్రీ కోర్సుల కోసం. పీజీలో ఎంబీఏ, ఎంసీఏలకే వర్తిస్తుంది. డిఫెన్స్ స్టడీస్ ఎంఏకు రాదు. స్కాలర్‌షిప్ వస్తుందన్న లెక్కతో చేరి ఇబ్బంది పడకండి.

బ్యాంకు రుణానికి 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వస్తే హామీదారు లేకుండా రుణం ఇస్తారు. 8 లక్షల రూపాయల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాలకు, ఇతర షరతులకు లోబడి, 10 లక్షల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మీరు చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోండి.

మీకు ఏది సరిపోతుంది?

• వయసు 24 లోపు, యూనిఫామే లక్ష్యం: పీజీ కన్నా ముందు సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్, అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షలు.

• చదవడం, రాయడం ఇష్టం, లెక్చరర్ లేదా పరిశోధకులు కావాలి: రెగ్యులర్ ఎంఏ డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్, తర్వాత నెట్.

• బీటెక్ చేశారు, రక్షణ సాంకేతికతపై ఆసక్తి: గేట్ రాసి ఎంటెక్.

• ఇప్పటికే కాంట్రాక్టులు, చట్టం, సెక్యూరిటీ విభాగాల్లో ఉద్యోగం చేస్తున్నారు: ఉద్యోగం వదలకుండా దూరవిద్యలో పీజీ.

• మాజీ సైనికులు: డిగ్రీ ఉందో లేదో సరిచూసుకుని, కార్పొరేట్ భద్రత వైపు పీజీ లేదా పీజీ డిప్లొమా.

• డిగ్రీ తర్వాత ఏం చేయాలో తెలియక, పేరు బాగుందని చేరాలనుకుంటున్నారు: ఈ ఏడాదికి ఆగండి.

చేరే ముందు కాలేజీని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. గత రెండు బ్యాచ్‌లలో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు?
2. వాళ్లు ఇప్పుడు ఏ సంస్థలో, ఏ హోదాలో ఉన్నారు? ఇద్దరితో మాట్లాడించగలరా?
3. ఇంటర్న్‌షిప్ ఎక్కడ? దాని ఏర్పాటు మీదా, మాదా?
4. పాఠాలు చెప్పేవారిలో పూర్తికాల అధ్యాపకులు ఎందరు?
5. మధ్యలో ఎంపికై అకాడమీకి వెళ్లాల్సి వస్తే ఫీజు వాపసు నిబంధన ఏమిటి?

చివరి ప్రశ్నను మర్చిపోకండి. పీజీ చదువుతూ సీడీఎస్ రాసేవారికి అది నిజంగా అవసరం పడుతుంది. ఈ ఐదింటికీ కాగితం మీద జవాబు ఇచ్చే కాలేజీ అయితే ముందుకు వెళ్లండి. ‘ముందు సీటు బ్లాక్ చేసుకోండి, తర్వాత మాట్లాడదాం’ అంటే మాత్రం ఫోన్ పెట్టేయండి. ఆ తర్వాత మీ పుట్టిన తేదీ పక్కన పెట్టుకుని, యూపీఎస్సీ తాజా నోటిఫికేషన్ తెరిచి చూడండి. పీజీలో వచ్చే ఏడాదైనా చేరొచ్చు. ఆ పరీక్షలకు వయసు దాటితే మళ్లీ అవకాశం రాదు.